ఎదురంగడికి పంపిన గిరాకీ

"ఉమా... మన కొంప మునిగింది తల్లీ! మన అంగడికి వచ్చినోళ్లని నీ కూతురే ఎదురంగడికి పంపిస్తాంది!"

ఫోనులో అత్తగారు రామాంజినమ్మ అరుపు విని ఉమాదేవి గబగబా గది బయటికి వచ్చింది. అనంతపురం ఆసుపత్రి వరండాలో గోడ వారగా నిలబడింది. తను విన్నది నిజమేనా?

"ఏం మాట్లాడ్తాండావ్ అత్తా? ఆశ్రిత అట్ల ఎందుకు చేస్తాది?"

"నా కండ్లతో చూసినా! 'ఆడ ధర తక్కువ, ఆడ కొనుక్కోండి' అని నవ్వుతా చెప్తాండె! మొన్నట్నుంచి షట్టరు కూడా ఎత్తలే! మావాడికి మాత్రం చెప్పొద్దు... వాడి గుండె తట్టుకోలేదు!"

ఉమాదేవి ఫోన్ పెట్టేసి, తలుపు సందులోంచి భర్త వంక చూసింది. జయచంద్ర మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వారం కిందట అంగట్లోనే కళ్లు తిరిగి పడిపోయిన మనిషి, ఇవాళే ఇంటికి పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆయాసపడకూడదు, ఆవేశపడకూడదు అని కూడా చెప్పాడు! ఆ డాక్టరుకేం తెలుసు, ఇంట్లో కన్నకూతురే ఇంత పని చేసి కూర్చుందని!

కళ్యాణదుర్గం బజారులో జయచంద్ర నూనె అంగడి అంటే ఒకప్పుడు మంచి పేరు. ఇంటి వెనక సొంత గానుగలో వేరుశనగ ఆడించి, ఆ నూనెనే అమ్మేవాడు. అంగడి ఎదురుగా అద్దాల తలుపుల పెద్ద దుకాణం వెలిసిన నాటి నుంచి ఆయనకు నిద్ర లేదు. వాళ్లు ధర తగ్గిస్తే ఈయనా తగ్గిస్తాడు. వాళ్లు ఇంకాస్త దిగితే ఈయన ఇంకాస్త! గానుగ నూనెతో ఆ ధర గిట్టదని, బయటి డబ్బాలు తెప్పించి నష్టానికే అమ్మసాగాడు. "నా ఎదురుగా నిలబడి నన్నే గెలుస్తారా?" అన్న పంతం తప్ప మరో మాట లేదు ఆయన నోట.

మరి ఇల్లెలా గడుస్తోంది? ఆయన ఎన్నడూ అడగలేదు... ఆమె చెప్పలేదు! మధ్యాహ్నం పూట చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు సొంత చేలో పండిన కాయలు ఒలుచుకుని, మూట కట్టుకుని పెరటి వాకిలికి వచ్చేవారు. కళ్లెదుట గింజలు ఆడించుకుని నూనె పట్టుకుపోయేవారు. కూలి కింద, నూనె తీయగా మిగిలిన చెక్క వదిలిపెట్టేవారు. ఆ చెక్కను పశువుల మేతకని పాలవాళ్లకు అమ్మి ఉమాదేవి పొయ్యి వెలిగిస్తోంది. ఆ కూలి గానుగ పని జయచంద్రకు నామోషీ. "షావుకారయినాక ఒకరి మూట ఆడించి చెక్క తీసుకునే కర్మ నాకేంది?" అని ఆయన ఏనాడో మానిపించాడు. అందుకే ఆమె దొంగలా చేస్తోంది, సొంత ఇంట్లోనే!

ఇప్పుడు ఆ గానుగా పోతోంది. నిన్ననే ఆయన ఆసుపత్రి మంచం మీంచి చెప్పేశాడు. "ఆ మిషను ఊరికే తుప్పు పడ్తాండాది. పాత మిషన్లు కొనే ఓబన్న రేపు సాయంత్రం వచ్చి తీసుకపోతాడు. ఆ దుడ్లతో ఇంకో లోడు నూనె దింపి, ఎదురంగడోని అంతు చూస్తా!"

"వద్దయ్యా..." అనబోయింది ఉమాదేవి. గొంతులోనే ఆగిపోయింది ఆ మాట. ఎన్ని మాటలు అలా ఆగిపోయాయో ఆ గొంతులో!

కళ్యాణదుర్గంలో బస్సు దిగి ఆటో ఎక్కారు. దోవలో ఎవరూ పలకరించకపోతే బాగుండునని ఉమాదేవి వేయి దేవుళ్లకు మొక్కుకుంది. కానీ ఆటోలో పక్కన కూర్చున్నది పాత గిరాకీ తిప్పయ్య!

"ఏమప్పా జయచంద్రా, బాగుండావా? నీ కూతురు భలే పిల్లప్పా! నూనెకని పోతే, ఎదురంగట్లో తీసుకోపో తాతా అని తనే దోవ చూపించె!"

జయచంద్ర ఆటోలోంచి తల బయటికి పెట్టి చూశాడు. ఆటో తమ అంగడి ముందు నుంచే పోయింది. షట్టరు మూసి ఉంది! ఎదుటి దుకాణం కళకళలాడుతోంది! ఆయన భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా?"

"పొద్దున్నే తెలిసింది... అత్త ఫోన్ చేసింది..."

ఇల్లు చేరగానే ఆయన గడపలోంచే కేక పెట్టాడు. "ఆశ్రితా!"

డిగ్రీ చదివే పిల్ల, చేతులు తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చింది. ఫోనులో జట్లు జట్లుగా ఆడే పోటీ ఆటలో తన జట్టుకు తనే కెప్టెన్. జిల్లా పోటీకి పోతానన్నందుకు జయచంద్ర ఆమె ఫోన్ నేలకేసి కొట్టి పట్టుమని నెల కాలేదు.

"నువ్వేనా అంగడి మూసింది?"

"నేనే నాయనా."

"మన గిరాకీని వాళ్లకి పంపింది?"

"నేనే."

ఆయన చెయ్యి లేచింది! ఉమాదేవి అమాంతం ఇద్దరి మధ్యకు వచ్చింది. "నన్ను కొట్టండి! పిల్లని ఏమనొద్దు!" అని వలవలా ఏడ్చేసింది. లేచిన చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఎవురు నేర్పించినారే ఈ బుద్ధి?" అన్నాడు జయచంద్ర చెయ్యి దించుతూ.

"ఆట నేర్పించింది." ఆశ్రిత కళ్లలో నీళ్లున్నా మాట తడబడలేదు. "ఆటలో మూడు దార్లుంటాయి నాయనా. ఎదుటి జట్టు బలమంతా ఒకే దారిలో దిగితే, మనమూ ఆడికే పోయి కొట్లాడకూడదు, చస్తాం. ఆ దారి వాళ్లకి ఇడిసేసి, తక్కిన దార్లు పట్టుకోవాల. వాళ్ల బలమంతా ధర తగ్గించేదాంట్లోనే ఉండాది. నువ్వు పోయి ఆడే నిలబడినావు. పడిపోయేదాకా నిలబడినావు!"

"అంగడి వదిలేస్తే గెలిచినట్లా?"

"మనం తప్పుకుంటానే వాళ్లు ఏం చేసినారో తెలుసునా? ధర పెంచేసినారు! ఎదురు లేదు కదా ఇంక! కొన్నోళ్లల్లో చేనుండేవాళ్లంతా తిట్టుకుంటా కాయలు మోసుకోని ఈడికి వస్తాండారు. వాళ్లకి గానుగ లేదు నాయనా... మనకుండాది!"

అప్పుడు వినిపించింది ఆయనకు, పెరట్లోంచి గానుగ తిరుగుతున్న చప్పుడు! మూలపడి తుప్పు పడుతోందనుకున్న గానుగ! పరుగులాంటి నడకతో వెనక్కి పోయిన జయచంద్ర వాకిట్లోనే కొయ్యబారిపోయాడు. పెరటి నిండా ఆడవాళ్లు! ఒళ్లో మూటలు, పక్కన ఖాళీ క్యాన్లు! ఉమాదేవిని చూడగానే అందరూ ఒక్కసారిగా లేచారు.

"ఉమక్కా, వచ్చినావా! నువ్వు లేకుంటే మాకేం తోచలేదక్కా. నీ కూతురూ నీ మాదిరే, గింజ కింద పడనీదు!"

"ఎన్నాళ్ల నుంచి?" జయచంద్ర భార్యను అడిగాడు. అది కోపమో, దిగ్భ్రాంతో ఆయనకే తెలియలేదు.

ఉమాదేవి తల వంచుకుంది. "మీరు ధర తగ్గించడం మొదలుపెట్టినప్పట్నుంచి..."

గుమ్మంలో నిలబడ్డ రామాంజినమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నాకు తెలుసప్పా. చప్పుడు వినపడదా నాకు? నువ్వు తినే ముద్ద ఆ చెక్క కూలిదే. కోడలు చెప్పొద్దని బతిమాలినందుకు నోరు మూసుకుంటి!"

"మా జట్టులో ఒకరుంటారు నాయనా," అంది ఆశ్రిత తల్లి చెయ్యి పట్టుకుని. "వాళ్లు ఎవర్నీ కొట్టరు. పడిపోయినోళ్లని లేపుతా, దెబ్బ తగిలినోళ్లకి మందు పోస్తా ఎనకాలే ఉంటారు. ఆట అయినాక ఎంతమందిని పడగొట్టినారని చూస్తే వాళ్ల పేరు ఎదురుగా సున్నా! తెలియనోళ్లు నవ్వుతారు. కానీ వాళ్లు లేకుంటే ఆట మొదట్లోనే ఓడిపోతాం. నేను కెప్టెన్ అయినాక మొదట నేర్చుకున్నది ఆ సున్నాని కాపాడుకోవాలనే. మనింట్లో ఆ సున్నా... మాయమ్మ!"

జయచంద్ర పెరట్లోని ఆ మూటల వంక చూశాడు. తను ఎదుటి దుకాణం వైపు చూస్తూ పళ్లు నూరుతున్నన్ని రోజులూ తన కంచంలో అన్నం ఎక్కడిదో చూడలేదు! ఒక్క పూట కూడా అడగలేదు! సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

సందులో బండి ఆగిన చప్పుడయింది. ఓబన్న ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు.

"అన్నా, పానం బాగుండాదా? మిషను విప్పుకోమంటావా?"

పెరట్లో ఆడవాళ్లు మూటలు దగ్గరికి లాక్కున్నారు. ఉమాదేవి కళ్లు మూసుకుంది. అయిపోయింది... అంతా అయిపోయింది!

"నన్నడగొద్దప్పా," అన్నాడు జయచంద్ర మెల్లగా. "గానుగ నడిపేది ఆమె. ఆమెనే అడుగు."

ఉమాదేవి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తనకు వినపడింది నిజమేనా? కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఏ చీర కట్టుకోవాలో తప్ప ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు! ఓబన్న ఆమె వైపు తిరిగాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఏళ్ల తరబడి గొంతులో ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి.

"ఇయ్యనన్నా! నా గానుగ నేనియ్యను!"

ఆ అరుపుకు మొదట అదిరిపడింది ఆమే.

ఓబన్న నవ్వి, మనుషుల్ని పిలుచుకుని వెనుదిరిగాడు. జయచంద్ర భుజం మీది తువ్వాలును నడుముకు బిగించి, వరసలో ముందున్న ముసలమ్మ మూట అందుకున్నాడు. గానుగ దగ్గరికి పోయి, ఎటూ తోచక నిలబడిపోయాడు. చివరికి భార్య వైపు తిరిగి అడిగాడు.

"వీటిని యాడ పోయాల ఉమా?"