మరుగద్దం అవతల

రైతుబజారు నుంచి తిరిగొస్తున్న స్వచాలిలో కూర్చుని నూకరత్నం బచ్చలాకు తుంచుతోంది. తోలే పని లేని బండిలో చేతులకి అంతకన్నా పనేముంటుంది? బజారు దాటేలోగా బండి నాలుగైదు చోట్ల ఒద్దికగా పక్కకి ఒరిగి, మళ్లీ తన దారిన పడింది. అంటే అక్కడ సైకిళ్లున్నాయన్నమాట. ఆమె తలెత్తలేదు. ఎత్తినా కనిపించవు. కనిపించకుండా చేసింది ఆమే కదా.

స్వచాలులు వచ్చిన కొత్తలో, ఇక సైకిలువాళ్లకి మంచిరోజులొచ్చాయని అందరూ సంబరపడ్డారు. బండ్లన్నిటినీ నడిపించే దారిమతి ఎవరినీ గుద్దదు, ఎవరిమీదా హారన్ కొట్టదు. సైకిలు ముందుంటే వీలు చిక్కేదాకా ఓపిగ్గా వెనకే పోతుంది. ఓపిక లేనిది లోపల కూర్చున్నవాళ్లకి. తామే తోలుకునే రోజుల్లో కోపం కొంత స్టీరింగు మీదా, కొంత హారన్ మీదా తీరేది. ఇప్పుడు చేసే పనేమీ లేక, ముందు పోతున్న సైకిలునే గుడ్లప్పగించి చూస్తూ ఉడికిపోయేవారు. "రోడ్డేమైనా నీ తాత కట్టించాడా?" అని అద్దాలు దించి మరీ అరిచేవారు. ఒకరోజు ఎవరో విసిరిన నీళ్ల సీసా తగిలి నూకరత్నం తమ్ముడు పైడిరాజు నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు అతను. ఎంత చెప్పినా స్వచాలి ఎక్కడు.

దారుల మండలిలో ఫిర్యాదులు చూసే అధికారిగా ఉన్న నూకరత్నం, ఆ వారంలోనే మరుగద్దం గురించి ప్రతిపాదన రాసింది. సైకిలు దారిమతికి తెలిస్తే చాలు, లోపలివాళ్లకి కనిపించడం ఎందుకు? బండి అద్దంలో దాన్ని చెరిపేసి, ఆ చోట ఖాళీ రోడ్డు చూపిస్తే సరి. కనబడనివాడి మీద ఎవరికి కోపమొస్తుంది? ఏడాది తిరిగేసరికి గొడవలన్నీ నిజంగానే ఆగిపోయాయి. ఆమెకి శాలువా కప్పి సన్మానం చేశారు.

మర్నాడు పైడిరాజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ముందు తిట్టీవోరు. తిట్టడానికైనా నా మొకం సూసీవోరు కదా! ఇప్పుడు నానేటి, గాలినా?"

"నీ బుర్ర పగలకూడదనే కదరా సేసింది!"

"బుర్ర బాగానే ఉంది. ఎవులికి అగుపడతాది?"

ఆ తర్వాత రెండేళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. మొన్న ఉన్నట్టుండి తనే ఫోన్ చేశాడు, విదియ భోజనానికి వస్తానని. దీపావళి వెళ్లిన రెండోనాడు అక్క చేతి వంట తినాలని వాళ్లింట్లో పట్టింపు. తమ్ముడు తినేదాకా అక్క మెతుకు ముట్టదు. వస్తానన్నవాణ్ణి మళ్లీ పిలవకూడదు, తనంతట తనే రావాలి. ఇది వాళ్లమ్మ పెట్టిన కట్టుబాటు.

ఇంటికొచ్చి అతనికిష్టమైన కంద బచ్చలి కూర వండి, ఆవ పెట్టి, అరిటాకు కడిగి వేసింది. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేసింది. కట్టుబాటు అని తనకి తాను చెప్పుకుంది గానీ, నిజానికి అందులో పంతం కూడా ఉంది. వస్తానన్నవాణ్ణి మళ్లీ బతిమాలడమా? వీడికి ఇంకా మనసు విరిగే ఉంది, అందుకే రాలేదు అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండున్నరకి ఇక ఉండబట్టలేక, అతని సైకిలు నంబరు చెప్పి దారిమతిని అడిగింది.

"ఆ సైకిలు ఉదయం పదిన్నర నుంచి జోడుగుళ్లపాలెం మలుపులో ఆగి ఉంది," అని దారిమతి మెత్తగా చెప్పింది. "నాలుగు వందల పన్నెండు బండ్లు దానికి దారి ఇచ్చాయి. ఢీకొన్నవి లేవు."

"మనిషో?"

"పక్కనే పడుకుని ఉన్నారు. రాకపోకలకి ఇబ్బంది లేదు."

గుద్దకుండా తప్పుకోవడం దారిమతికి మండలివాళ్లే నేర్పారు. ఆగి పలకరించడం నేర్పలేదు. ఆ పని లోపలున్న మనుషులు చేస్తారులే అనుకున్నారు.

అంబులెన్సుకి కబురు చేసి, నీళ్ల సీసాతో స్వచాలి ఎక్కింది. మలుపులో బండి ఆగింది. అద్దంలో నున్నటి రోడ్డు, అవతల సముద్రం. తలుపు తీసింది. మూడు గజాల దూరంలో పైడిరాజు వెల్లకిలా పడున్నాడు. ఒంటిమీద కొత్త చొక్కా. గొలుసు తెగి సైకిలు పడిపోయింది, అతని తుంటి విరిగింది. ఫోన్ ఎగిరి కాలవలో పడింది. నడిచేవాళ్లు ఆ రోడ్డు మీద ఏనాడో కరువయ్యారు, పండగ పూట అటు సైకిళ్లూ రాలేదు.

పెదాలు తడిపి, తల ఒళ్లో పెట్టుకుంది. వాణ్ణి నీడకి జరపడానికి ఎవరైనా సాయం పడతారేమోనని వచ్చిన బండికల్లా చెయ్యి ఊపింది. సైకిలు పక్కన కూర్చున్న మనిషిని కూడా అద్దం చెరిపేస్తుందని ఆమెకి తెలుసు, అయినా ఊపుతూనే ఉంది. ఒక బండిలో పాపని ఎత్తుకున్న ఒకావిడ ఆమె కళ్లలోకే చూస్తూ సాగిపోయింది.

"ఒరే, పదకొండింటికి బజారు నుంచి ఇటే వచ్చాన్రా. నానూ నిన్ను దాటీసి ఎల్లిపోయాను," అంది.

"తెలుసక్కా. నీ బండి గుర్తుపట్టాను."

"అప్పుడు నన్ను పిలిసావట్రా?"

"లేదు," అన్నాడు పైడిరాజు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అగుపడనని తెలిసినా అందరికీ సెయ్యి ఊపినాను. నీ బండి వచ్చినప్పుడు మాత్రం దించీసినాను."

"ఎందుకురా?"

"ఆల్లంటే పరాయోల్లు. నువ్వు కూడా నా ఏపే సూసుకుంటా ఎల్లిపోతే... అది నాను సూళ్లేనక్కా. మొకం అటు తిప్పీసుకున్నాను."

దూరంగా అంబులెన్సు మోత వినిపించింది. నూకరత్నం తమ్ముడి మొహం తనవైపు తిప్పుకుని, అది వచ్చి ఆగేదాకా అలా చూస్తూనే ఉంది.