చప్పుడు లేని డోలు

రెండో మలుపు తిరిగేసరికి తన మొగుడి కళ్ళు మూసుకుపోయి ఉండటం నూకరత్నం చూసింది. అతని చేతిలో తెడ్డు మాత్రం ఆగలేదు.

కోరంగి పాయలో ఆ రోజు డ్రాగన్ పడవల పోటీ. పడవకు ఇరవై మంది, జంటలుగా కూర్చుని తెడ్లు వేస్తారు. తోక దగ్గర సరంగు నిలబడి దారి తిప్పుతాడు. డోలు వాయించే మనిషి పడవ తల దగ్గర, జట్టుకు ఎదురుగా కూర్చుంటుంది. అందరి మొహాలూ కనిపించేది ఆమె ఒక్కదానికే. పూర్వం ముందు జంట ఆమె దెబ్బను అందుకునేది, వెనకవాళ్ళు ముందువాళ్ళ భుజాలు చూసి తెడ్డు ముంచేవాళ్ళు. ఒకరు ఆలస్యం చేస్తే తెడ్లు తగులుకుని తిట్లు మొదలయ్యేవి.

లయపట్టీ వచ్చాక ఆ గొడవ పోయింది. వరికోతకీ, రోడ్డు పనికీ, ఆఖరికి బడిలో డ్రిల్లుకీ అదే దిక్కు. జబ్బకు కట్టుకుంటే అందరి కండరాలనూ ఒకే లయలో అదే కదిలిస్తుంది. ఒకడు నీరసిస్తే ఆ బరువును మిగతావాళ్ళకు తెలియకుండా పంచేస్తుంది. డోలుతో పనిలేకపోయినా నిబంధనల్లో మాత్రం అది మిగిలిపోయింది. డోలు లేని పడవ పోటీలో లేనట్టే, ఆ క్షణమే పట్టీలు ఆగిపోతాయి. మనవాళ్ళ తెలివి చూడండి, బరువు తగ్గుతుందని తోలు పీకేసి ఉత్త డొల్ల పెట్టారు. నూకరత్నం దాని మీద చేతులాడిస్తూ బొమ్మలా కూర్చోవాలి.

"బాబాయ్, పడవ ఆపెయ్. మావకేదో అయిపోయింది," అని అరిచింది.

సరంగు అప్పలస్వామి కాళ్ళ దగ్గరున్న తెర చూసుకున్నాడు. "ఇరవై తెడ్లూ సరిగ్గానే పడతన్నాయమ్మా. అందరికంటే మీ కామేశే బాగా వేస్తన్నాడు."

"తెర కాదు బాబాయ్, మొగం చూడు."

"నాకు కనపడేది వీపులేనే. గెలుపు దగ్గరికొచ్చాం, కాసేపు ఓర్చుకో."

చెవుల్లో పట్టీ తాళం మోగుతుంటే తెడ్లవాళ్ళకు ఈ మాటలు వినపడలేదు. కామేశు పెదాలు నల్లబడ్డాయి. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి మాత్రం ముంచుతోంది, లాగుతోంది. తనను పదేళ్ళుగా పట్టుకున్న ఆ చేతిని చూస్తే నూకరత్నానికి మొదటిసారి భయం వేసింది.

డోలు ఎత్తి నీళ్ళలోకి విసిరేసింది.

పట్టీలన్నీ ఒక్కసారిగా చచ్చాయి. కామేశు ముందువాడి వీపు మీద పడ్డాడు.

"ఎంత పని చేశావే," అన్న సరంగు, అతన్ని చూశాక పడవ తలను ఒడ్డు వైపు తిప్పాడు.

ఎదురుగా ఆస్పత్రి రేవు కనిపిస్తూనే ఉంది. లయపట్టీ ఉండగా ప్రమాదమేమిటని రక్షణ పడవను ఏనాడో మానేశారు. అందరూ సొంత చేతులతో తెడ్లు అందుకున్నారు. అవి ఒకదానికొకటి తగులుకున్నాయి, పడవ పక్కకు తిరిగిపోయింది.

జరీనా టీచరు జట్టులో కొత్త. పట్టీ రావడం ఆలస్యమై, వారమంతా ఉత్త చేతులతోనే నేర్చుకుంది.

"మీ తెడ్డు మీరు చూసుకోకండి, ముందువాళ్ళ భుజం చూడండి," అంది. "రత్నమక్కా, దెబ్బ వెయ్యి."

కామేశు తల జంటవాడి ఒళ్ళో ఉంది. నూకరత్నానికి వెళ్ళి అతన్ని పట్టుకోవాలని ఉంది. లేస్తే దెబ్బ ఆగుతుంది, దెబ్బ ఆగితే పడవ ఆగుతుంది. కూర్చున్న చోటే బల్ల మీద అరచేతులతో కొట్టింది. అతని ఛాతీ లేస్తుందా లేదా అని చూస్తూ, చెయ్యి తడబడనివ్వకుండా కొట్టింది. ముందు జంట అందుకుంది. తర్వాత రెండో జంట, మూడో జంట. పడవ కదిలింది.

రేవులో డాక్టరు వంగి చూసి, "ఊపిరి ఉంది," అంటూ అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు. తర్వాత కూడా నూకరత్నం చేతులు ఆగలేదు. జరీనా వచ్చి వాటిని పట్టుకోవాల్సి వచ్చింది.

ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని అప్పలస్వామి తెర చూపించాడు. ఆ రోజు అత్యుత్తమ లయ కామేశుదేనని దాని మీద వెలుగుతోంది.

"చూడమ్మా, మీ ఆయన ఒక్క తెడ్డు కూడా తప్పలేదు."

"తప్పితే బాగుండేది బాబాయ్," అంది నూకరత్నం. "తిట్టడానికైనా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూసేవోరు."