మహిమ పక్కన ఖాళీ

"ఆగండాగండి! మేమేమన్నా ఆధార్ కార్డుకు దిగుతున్నామా?"

కెమెరా కంటికి ఆనించుకున్న అస్లాం ఉలిక్కిపడి తలెత్తాడు. పర్చూరు సెంటర్లో స్టూడియో పెట్టి ఆరేళ్లయింది. క్రిస్మస్ నెల వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు తీస్తాడు. ఇంతవరకూ ఒక్కరూ అతన్ని మధ్యలో ఆపిన పాపాన పోలేదు.

"మరెట్లా దిగుతారండీ?" అన్నాడు, కాస్త ఒళ్లు మండి.

"గోడకు అతికించినట్టు నిలబెట్టారు," అంది ఆ ఇంటి అమ్మాయి మహిమ. "నెత్తిన ట్యూబ్‌లైటు, మొహం మీద ఫ్లాషు. పోయినేడు మీలాంటాయనే వచ్చి తీస్తే మా నాయనమ్మ కళ్లు మూసుకుని పడింది. ఏడాది పొడుగూ చూసినోళ్లంతా, పాపం పెద్దావిడ ఎప్పుడు పోయిందీ అని అడిగారు."

"నేను బతికే ఉన్నానే," అంది నాయనమ్మ బల్లమీద నుంచి.

ఆ ఊళ్లో అదో ఆనవాయితీ. ప్రతి క్రైస్తవ కుటుంబమూ డిసెంబర్లో ఇంటిల్లిపాదీ కొత్త బట్టలు కట్టుకుని ఫొటో దిగుతుంది. కింద ఒక బైబిల్ వాక్యం వేయించి, కొత్త సంవత్సరం క్యాలెండర్‌గా అచ్చొత్తించి చుట్టాలకూ పక్కాలకూ పంచుతుంది. బాగా పడితే సరేసరి. పడలేదో, పన్నెండు నెలల పాటు పదిమంది గోడల మీద పరువు వేలాడుతూనే ఉంటుంది.

"అయితే మీరే తీసుకోండి!" అన్నాడు అస్లాం ఉక్రోషంగా.

"తీస్తా. ఇటివ్వండి."

మహిమ అన్నంత పనీ చేసింది. ట్యూబ్‌లైటు ఆపింది. పడమటి కిటికీ తలుపులు బార్లా తీసి, బల్లను దాని పక్కకు ఈడ్చింది. నాయనమ్మ ముందు కజ్జికాయల పళ్లెం పెట్టింది. తల్లినీ, అన్న మార్క్‌నూ, వదిననూ, వదిన చంకలోని పిల్లనూ ఆవిడ చుట్టూ చేర్చింది. "కెమెరా వంక చూడొద్దు. ఎవరు ఎన్ని తిన్నారో లెక్కేసుకుని పోట్లాడుకోండి," అని తను నేలమీద మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల కళ్లకు సరిసమానంగా కెమెరా పెట్టి నొక్కింది.

అస్లాం ఆ ఫొటోను తెరమీద పెద్దది చేసి చూశాడు. సాయంత్రపు ఎండ ముసలావిడ బుగ్గమీద బంగారంలా పడింది. పిల్ల కజ్జికాయ కోసం చెయ్యి చాపింది. మార్క్ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"బళ్లో పంతులమ్మని. నలభైమంది పిల్లల్ని కదలకుండా నిలబెట్టడం నావల్ల కాలేదు. అందుకని కదులుతుంటేనే తీయడం మొదలెట్టా."

"మరి ఈ ఫొటోకి నేను చేసిందేముందండీ?"

"కెమెరా మోసుకొచ్చారుగా," అంది మహిమ. అతను పకపకా నవ్వేశాడు. ఇదంతా నిరుడు మాట.

ఆ తర్వాత సంగతి వేరే చెప్పాలా? టీచర్ గారి సలహా కావాలంటూ స్టూడియో నుంచి మెసేజీలు. ఈ ఫొటోలో వెలుగు ఎక్కువైందా, ఈ పెళ్లికూతురు నవ్వు దొంగనవ్వా అని ప్రశ్నలు. అక్టోబర్లో ఒకరోజు బడి వదిలేవేళకు కుండపోతగా వాన పట్టుకుంది. చేలల్లో పత్తి తడిసిపోతోందని ఊరంతా తల పట్టుకుంటే, వీళ్లిద్దరూ స్టూడియో షట్టర్ కింద నిలబడి, వాన తగ్గకుండా ఉంటే బాగుండునని కోరుకున్నారు.

"టీచర్ గారూ, నాకు మీరంటే..." అని అస్లాం నీళ్లు నమిలాడు.

"ఊఁ, చెప్పు. జల్లు కొట్టి నిలువునా తడుస్తున్నా, తొందరగా చెప్పు."

"ఇష్టం."

"అబ్బ! పది నెలలు పట్టిందా తండ్రీ, ఒక్క మాటకి!" అంది మహిమ. ఆ రోజు ఆమెకు అది ముద్దుగానే అనిపించింది.

ఇంట్లో దాచడం మహిమకు చేతకాదు. వారం తిరక్కుండా తల్లికి చెప్పేసింది. రెబ్కా, భర్త పోయాక పత్తి తీతలకూ మిరపకోతలకూ వెళ్లి ఇద్దరు పిల్లల్నీ చదివించిన మనిషి. రెండ్రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడోరోజు మాత్రం ఒక్కటే మాట అంది.

"మతం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అబ్బాయి నా ఎదటికొచ్చి, నలుగురి ముందూ నోరు తెరిచి అడగనీ. అడగలేనోడికి నా పిల్లని ఎట్టా ఇస్తానే?"

ఈలోగా సింగరాయకొండ నుంచి సంబంధం రానే వచ్చింది. ప్రసన్నకుమార్, ఒంగోల్లో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లిచూపులయ్యాయి. జనవరి మొదటి ఆదివారం నుంచి మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదవాలని అటువాళ్లు కబురు పెట్టారు.

"ఒక్కసారి చదివితే ఊరందరికీ చెప్పినట్టే, అస్లాం. ఆ తర్వాత నేను చేయగలిగిందేం లేదు," అంది మహిమ.

"క్రిస్మస్ లోపల మీ అమ్మనడుగుతా. ఒట్టు!"

డిసెంబర్ పద్దెనిమిదిన, ఫొటో తీయడానికి రెబ్కాయే అతనికి ఫోన్ చేసి పిలిచింది. నాలుగింటికల్లా కిటికీ తలుపులు తీసి ఉన్నాయి. బల్ల దాని పక్కకు చేరింది. అస్లాం ఆకుపచ్చ చొక్కా వేసుకుని, నున్నగా తల దువ్వుకుని వచ్చాడు. ఇవాళ అడుగుతాడు అనుకుంది మహిమ.

"మహిమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదులు బాబూ," అంది రెబ్కా. "ప్రసన్నకుమార్‌కి డ్యూటీ అంట, రాలేడు. తర్వాత అతికించొచ్చంటగా?"

అస్లాం గొంతు సవరించుకున్నాడు. "అతికించొచ్చు ఆంటీ. కాకపోతే అక్కడ ఎవరో ఒకరు నిలబడితే ఎత్తూ, వెలుగూ తెలుస్తాయి."

"ఎవరో ఎందుకూ? నువ్వే నుంచో."

మహిమ తల్లి మొహంలోకి చూసింది. రెబ్కా ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంటోంది. అమ్మ ఒప్పుకుంది! అమ్మే దారి చూపిస్తోంది! మహిమకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

అస్లాం కెమెరాను స్టాండుకు బిగించి, పది సెకన్ల టైమర్ పెట్టి, పరుగున వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఎర్రలైటు మిణుకు మిణుకుమంటోంది.

"టీచర్ గారూ, నేను కదలొచ్చా?" అన్నాడు చెవిలో.

మహిమ పగలబడి నవ్వింది. అప్పుడే కెమెరా క్లిక్‌మంది.

రెబ్కా ఆ ఫొటోను చాలాసేపు చూసింది. "బాగా పడ్డారు," అంది. తర్వాత తలెత్తి, నిదానంగా, అందరికీ వినబడేట్టు అడిగింది.

"బాబూ, ఈ చోట్లో ఎవర్ని పెట్టాలో నువ్వు చెప్పు. నీ నోటితో వినాలనే అడుగుతున్నా."

మార్క్ ఫోన్ పక్కన పెట్టాడు. వదిన పిల్లను ఊరుకోబెట్టింది. నాయనమ్మక్కూడా ఏదో అర్థమైనట్టుంది, మెడ సాచి చూస్తోంది. అడుగు, అడుగు అని మహిమ లోపల్లోపల వేడుకుంటోంది.

అస్లాం మహిమ వంకా, రెబ్కా వంకా చూశాడు. ఒకసారి నోరు తెరిచి మూశాడు. మళ్లీ తెరిచాడు.

"పెళ్లికొడుకు గారి ఫొటో వాట్సాప్‌లో పంపండి ఆంటీ. నేను సెట్ చేస్తాను."

"అట్టాగే," అంది రెబ్కా.

ఆ తర్వాత ఇరవై ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ మహిమ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఇరవైనాలుగో తేదీన క్యాలెండర్ల కట్ట వచ్చింది. చూసినవాళ్లంతా పెళ్లికూతురి కళ ఇప్పుడే వచ్చేసిందని మెచ్చుకున్నారు. మహిమ తీసి చూసింది. తను పగలబడి నవ్వుతోంది. పక్కన ప్రసన్నకుమార్. ఆకుపచ్చ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ భుజమూ, ఆ చెయ్యీ ఎవరివో ఆమెకొకరు చెప్పాలా?

పెరట్లోకి వెళ్లి ఫోన్ చేసింది.

"వాళ్లు పంపింది పాస్‌పోర్ట్ ఫొటో మహీ," అన్నాడు అస్లాం, ఆమె అడక్కముందే. "మిగతా వాటిల్లో నువ్వు నవ్వలేదు. అందుకని దీంట్లోనే తలొక్కటీ మార్చా."

"ఎంతసేపు పట్టింది?"

"ఏది?"

"నిన్ను నువ్వు తీసేసుకోడానికి."

అతను గబగబా చెప్పుకొచ్చాడు. "ఫిబ్రవరిలో మా నజ్మీన్ నిఖా. ఇప్పుడిది బయటపడితే చెల్లెలి సంబంధం తప్పిపోతుందని మా అమ్మ..."

"ఆ మాటే మా అమ్మకి చెప్పొచ్చుగా? ఫిబ్రవరి దాకా ఆగమంటే ఆగేది. ఏడాదైనా ఆగేది. నీ నోట్లోంచి ఒక్కమాట వినాలని నిన్ను తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టిందిరా ఆ మనిషి!"

"భయమేసింది మహీ."

"నాకు మాత్రం వెయ్యలేదా, అమ్మకి చెప్పినరోజు? నిన్ను తీసేయమని అమ్మ అనలేదు, నేననలేదు. నీ అంతట నువ్వే తీసేసుకున్నావ్. అతుకు కూడా కనపడట్లా. బాగా చేశావ్."

"ఇప్పుడొచ్చి అడగనా?"

"ఒద్దు," అంది మహిమ. అనగానే తెలిసింది, నిజంగానే ఒద్దని. అది తెలియడమే అన్నిటికన్నా ఎక్కువ కష్టంగా ఉంది. ఫోన్ పెట్టేసి బావిగట్టు మీద కూర్చుని కళ్లు వాచేలా ఏడ్చింది.

మర్నాడు ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగింది. ప్రసన్నకుమార్.

"హ్యాపీ క్రిస్మస్ అండీ! క్యాలెండర్ ఫొటో మార్క్ గారు పంపారు. స్టేటస్ పెట్టేశాను. మా ల్యాబ్‌లో అందరూ ఒకటే గోల!"

"హ్యాపీ క్రిస్మస్ అండీ," అంది మహిమ.

"ఒకటి చెప్పనా? పెళ్లిచూపుల్లో మీరు ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇష్టం లేదేమోనని నెల్నాళ్లుగా నాకు మనసు మనసులో లేదు. ఈ ఫొటో చూశాక కుదుటపడిందండీ. నేనక్కడ లేకపోయినా, నా పక్కన మీరు ఎంత బాగా నవ్వారో!"

ఎంత అమాయకంగా అన్నాడు! ఊఁ అంటే చాలు. ఆదివారం ప్రకటన చదువుతారు, బతుకు గడిచిపోతుంది. కానీ ఈ మంచివాడు ఏడాదంతా పొద్దున్న లేచి ఆ నవ్వును చూసుకుని మురిసిపోతాడు. అది తలుచుకుంటే మహిమకు తనమీద తనకే అసహ్యం వేసింది. గడప దగ్గర రెబ్కా నిలబడి వింటోంది. ఆపమని సైగ చేయలేదు.

"ప్రసన్నకుమార్ గారూ, ఆ ప్రకటన చదవొద్దని చెప్పండి. తప్పు నాదే. ఆ నవ్వు మీకోసం కాదండి."

అటువైపు ల్యాబ్‌లో ఏదో మెషీన్ తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"మరి... ఎవరికోసమండీ?"

మహిమ కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు ఎవరూ లేరండి."