ఐసు గది బయటి తలుపు

సాయంత్రం ఆరు దాటింది. సన్నగా వాన. సముద్రం వైపు నుంచి ఈదురుగాలి.

గిలకలదిండి వెళ్లే దారిలో, రోడ్డుకి ఎడంగా, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. బందరులో దానికి మంచి పేరు లేదు. చేపలు కొనే రత్నం అనే ఆవిడ, సరుకు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో, ఒక రాత్రి అక్కడి ఐసు గదిలోనే పడుకుందట. ఎవరో చూసుకోకుండా బయట గడియ పెట్టేశారు. తెల్లారి తీసేసరికి... అంతే.

అప్పట్నుంచి ఆ గదిలోకి ఎవరు వెళ్లినా ముందు దీపం ఆరిపోతుందట. తర్వాత వీపు మీద ఒక చెయ్యి పడుతుందట. తోస్తుందట.

ఇదంతా నాకు చెప్పింది ఆటో దుర్గారావు. ఆ సాయంత్రం, ఆ గేటు ముందే.

మా అమ్మాయి శ్రావ్య పనిచేసేది ఆ ఐసు గదిలోనే. వాళ్ల కాలేజీ దాన్ని అద్దెకి తీసుకుని బాగు చేయించింది. లారీల అదురు తగలదు, చల్లదనం మారదు, శ్రావ్య పెంచే స్ఫటికాలకి అదే కావాలి.

నాకు అర్థమైనంత చెప్తాను. బ్యాక్టీరియా ఒంటి పొరలో ఒక ప్రోటీన్ ఉంటుందట. మనం వేసిన మందు లోపలికి రాగానే పట్టుకుని బయటికి గెంటేస్తుందట. దానికి రెండు గుమ్మాలు. ఒకటి తెరిస్తే రెండోది మూసే ఉంటుంది. రెండూ ఒక్కసారి తెరవదు. దాని ఆకారం కనిపెట్టాలంటే, ఆ ప్రోటీన్‌ని మందుతో కలిపి, పంచదార పలుకుల్లా స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రే కిరణాల ముందు పెట్టాలి.

మా నాన్న నాగేశ్వరరావు గారు చేపల చెరువు గట్టు మీద కాలు కోసుకుని, గుడివాడ ఆసుపత్రిలో పోయారు. ఏ మందూ పనిచెయ్యలేదు. శ్రావ్య పట్టుకున్నది ఆ పుండులో దొరికిన బ్యాక్టీరియానే. ఏళ్ల తరబడి. స్ఫటికం రాదు, వచ్చినా విరిగిపోతుంది, మళ్లీ మొదలు. అది అలిసిపోయింది. చూసి చూసి నేనూ అలిసిపోయాను.

ఈసారి పెరిగాయి. సరిగ్గా అప్పుడే తుఫాను హెచ్చరిక, కరెంటు పోయింది. గది వేడెక్కితే కరిగిపోతాయి. ఆ సాయంత్రమే వాటిని నైట్రోజన్ ద్రవంలో ముంచి గడ్డకట్టించాలి. పశువుల ఆసుపత్రుల వాళ్లు వాడే పెద్ద క్యాన్ ఒకటి గుడివాడ నుంచి దుర్గారావు తెచ్చాడు. నేను కోర్టు ఆఫీసు నుంచి నేరుగా వచ్చేశాను. శ్రావ్యని ఒక్కదాన్నీ అక్కడ వదలాలనిపించలేదు.

దుర్గారావు క్యాన్ గేటు దగ్గర దించి ఆగిపోయాడు. అతనే తెచ్చుకున్న మట్టి ప్రమిద, నూనె సీసా, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు.

"మా నాన్న ఇక్కడ ఐసు మోసినోడేనండీ. దీపం కింద పెట్టకుండా లోపల అడుగు పెట్టేవాడు కాదు. ఆరిందంటే వచ్చేయండి అమ్మగారూ."

శ్రావ్య నవ్వింది. "రత్నమ్మగారికి నేను రోజూ కనిపిస్తూనే ఉన్నాను బాబాయ్. విసుగొచ్చి తోయడం మానేసింది."

"నవ్వినోళ్లనే ముందు తోసుద్దమ్మా," అన్నాడు. నవ్వలేదు.

ఆ గదికీ రెండు తలుపులే. చల్లదనం పోకుండా మధ్యలో చిన్న నడవ. తేమ తగిలితే స్ఫటికం మీద మంచు పేరుకుంటుందట, రెండూ గట్టిగా వెయ్యమంది శ్రావ్య. బయటి తలుపు గాలికి కొట్టుకుంటోంది. లోపలి నుంచి ఇనప గడియ పెట్టాను. నా చేత్తోనే పెట్టాను.

బల్ల కదిలితే చెయ్యి వణుకుతుందని శ్రావ్య నేల మీదే కూర్చుంది. ముందు సూక్ష్మదర్శిని, పక్కన టార్చి. థర్మోకోల్ డబ్బాలోకి క్యాన్ వంచింది. తెల్లటి పొగ అంచులు దాటి నేలంతా పాకింది. ఆ ఉక్కకి పోసింది పోసినట్టే ఆవిరైపోతోంది... మళ్లీ పోసింది. మళ్లీ.

నేను కుర్చీలో. నా కాళ్ల దగ్గర వెలిగించి పెట్టిన ప్రమిద.

దీపం ఆరిపోయింది.

గాలి లేదు. వెలిగించాను. చిన్నదై, నీలంగా మారి... ఆరిపోయింది. ఇంకో పుల్ల గీశాను. చేతిలో బాగానే వెలిగింది. కిందికి వంచేసరికి — లేదు.

"శ్రావ్యా... దీపం నిలవడం లేదే."

"అయిపోయిందమ్మా. ఇదొక్కటే..." మాట ముద్దగా వచ్చింది.

ఆఖరి స్ఫటికాన్ని క్యాన్‌లోకి దించింది. మూత పెట్టింది. అలాగే పక్కకి ఒరిగిపోయింది.

పిలిచాను. పలకలేదు.

ఆ క్షణాన నాకు తోచింది రత్నం ఒక్కతే. చంకల్లో చేతులు వేసి లాగాను. లోపలి తలుపుని వీపుతో తోశాను. తెరుచుకుంది. నడవలోకి వచ్చేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. బయటి తలుపు వైపు తిరిగాను, గడియ ఎటుందో తెలియలేదు. అక్కడే కూలబడ్డాను.

అప్పుడు ముఖం మీద వాన పడింది.

వీపు మీద ఒక చెయ్యి. చల్లగా. తోసింది.

మేమిద్దరం బయట బురదలో ఉన్నాం. శ్రావ్య దగ్గింది. బిగ్గరగా ఊపిరి తీసింది. దుర్గారావు పరిగెత్తుకొచ్చాడు.

కాసేపటికి శ్రావ్యే చెప్పింది, నా ఒళ్లో తల పెట్టుకుని. "రత్నం కాదమ్మా. నైట్రోజన్. వాసన ఉండదు. చల్లటిది కదా, కింద పేరుకుని గాలిని గెంటేస్తుంది. దీపానికే ముందు తెలిసింది. తలుపులు మూసి అంత పోయకూడదు... నాకు తెలుసు. అలసటలో మర్చిపోయాను."

నాకు గుండె కుదుటపడింది. దుర్గారావు చెయ్యి పట్టుకున్నాను. వేళకి తలుపు తీశావు నాయనా, అన్నాను.

అతను నా వంక అదోలా చూశాడు.

"నేను గేటు దాటలేదండీ. మీరు బయట పడ్డాకే వచ్చాను. అయినా గడియ లోపల కదండీ..."

ముగ్గురం తిరిగి చూశాం. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఈదురుగాలి గదంతా తిరుగుతోంది. చాలాసేపు అలా గాలి ఆడాకే వెళ్లి క్యాన్ తెచ్చుకున్నాం. గడియ విరగలేదు. ఎవరో నెమ్మదిగా పక్కకి జరిపినట్టు ఉంది.

ఆటోలో దుర్గారావు ఒక్కటే మాట అన్నాడు. "ఆవిడ లోపలికి తోసిందని ఎవరూ చెప్పగా వినలేదండీ. అందర్నీ బయటికే."

స్ఫటికాలు బతికాయి. తర్వాత ఆ ప్రోటీన్ బొమ్మ వచ్చింది. రెండు గుమ్మాల మధ్య మా నాన్నకి వేసిన మందు ఇరుక్కుని ఉంది. శ్రావ్య చూపించి ఏడ్చింది.

నేను మాత్రం ఆ రాత్రి ఇల్లు చేరినవాళ్లనే ఇంకా లెక్కపెట్టుకుంటూ ఉంటాను. శ్రావ్య వచ్చింది. నేను వచ్చాను. దుర్గారావు మమ్మల్ని దించి, వాళ్లింటికి చేరానని ఫోన్ చేశాడు.

గడియ తీసినావిడ ఒక్కతే రాలేదు.