టీ పొంగేదాకా

పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి భర్తను పిలిచింది ఆవిడ. పలకలేదు. మళ్ళీ పిలిచింది. గడియారాలు బాగుచేసే ఆ మనిషికి అవతలి గదిలో ముల్లు తడబడినా వినబడుతుంది. పెళ్ళాం గొంతు మాత్రం చెవికెక్కలేదు. పొయ్యి మీద టీ గిన్నెనే చూస్తూ నిలబడ్డాడు.

గుండె ఆపరేషనై ఆవిడ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆవిడ చెప్పులు తుడిచి అటక మీద పెట్టేస్తాడు. ఆవిడ కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేస్తాడు. ఎదురుగా వెళ్ళి నిలబడితే, ఆవిడలోంచి వెనకాల గోడను చూస్తాడు. టీ పొంగగానే ఇటు తిరిగి, ఏమీ ఎరగనట్టు, లేచావా కూర్చో అంటూ నవ్వి, మళ్ళీ టీ పెడతాడు. టీ పొంగేదాకా ఆ కాసేపూ ఆవిడ ఆపరేషన్ బల్ల మీంచి తను నిజంగా లేచొచ్చిందా అని నాడి చూసుకునేది.

ఇవాళ టీ పొంగింది. ఆయన తిరగలేదు. గ్లాసు పట్టుకుని ఆవిడ పక్కనుంచే వెళ్ళి, కుర్చీలో కూర్చుని తాగడం మొదలుపెట్టాడు. ఇక ఉండబట్టలేక వెళ్ళి చెయ్యి పట్టుకుని గుంజింది. ఉలిక్కిపడ్డాడు. గ్లాసు జారి పగిలింది.

"నేను బతికే ఉన్నానా, పోయానా? అదొక్కటి చెప్పండి."

నసుగుతూ చెప్పుకొచ్చాడు. ఆపరేషన్ గది బయట కాళ్ళూ చేతులూ ఆడక కూలబడిపోయాడట. ఇంకోసారి అలా కాకూడదని పాతకాలపు గ్రీకు తత్వవేత్తల పుస్తకం పట్టాడట. మనవాళ్ళు లేరని రోజూ కాసేపు అనుకుంటే, పోయిననాడు తట్టుకోగలం, ఉన్ననాడు విలువ తెలుస్తుంది అన్నారట వాళ్ళు. అందుకే టీ పొంగేదాకా ఆవిడ లేనట్టే ఉంటాడట. పొంగగానే ఆవిడ తిరిగొచ్చినట్టు ప్రాణం లేచొస్తుందట.

"అనుకోమన్నారు, సరే. పెళ్ళాం పిలిస్తే పలకొద్దన్నారా ఆ పెద్దమనుషులు? రోజూ మీకు నేను తిరిగొస్తున్నాను. నాకెవరొస్తున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "ఆ మాట నాకూ తట్టింది. నిన్నటితో మానేశాను."

"మరి ఇవాళ?"

"ఇవాళ నువ్వు పిలవలేదుగా. ఇంకా లేవలేదనుకున్నాను."

రెండుసార్లు పిలిచానని మెల్లగా చెప్పి, పొయ్యి వైపు చూపించింది. గిన్నె ఖాళీ. ఒక్కరికే పెట్టాడు. మానేశాననుకున్నాక కూడా ఆవిడ లేనట్టే ఉండిపోయానని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆవిడ మణికట్టు రెండు చేతులా పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు రెండు గ్లాసుల టీ పెట్టి, ముందు ఆయనే పిలిచాడు. ఆవిడ కావాలనే పలకలేదు. మళ్ళీ పిలిచాడు. మూడో పిలుపుకి గొంతు వణికింది. ఆ వణుకు వినగానే ఇన్నాళ్ళ కోపమూ కరిగిపోయింది ఆవిడకు. కళ్ళు తుడుచుకుంది.

"ఇక్కడే ఉన్నానండీ."