రేపల్లె లైన్‌కి ఎల్‌సీ

"రేపల్లె బండి లేటా?" సెల్‌ఫోన్‌లో ఆడగొంతు.

"లేటు కానిదెప్పుడు?" అన్నాడు ఏజెంట్ విజయసారథి విసుగ్గా. కోడ్ కుదిరింది.

"వాళ్లు చెప్పిన పని చేసేశాను," అంది వాగ్దేవి. విదేశీ ముఠా దృష్టిలో ఆమె తమ రిలే ఇంజనీరు. నిజానికి ఆమె విజయసారథి డిపార్ట్‌మెంట్ మనిషి. "తెనాలి సబ్‌స్టేషన్లో రేపల్లె లైన్ రిలేని టెస్ట్ మోడ్‌లో పెట్టాను. లైన్ షార్టయితే కరెంటు ఆపమని అది ట్రిప్ సిగ్నల్ పంపుతుంది. లైన్‌ని తెంచే బ్రేకర్ దగ్గరి యూనిట్ ఇది టెస్టే కదా అని పట్టించుకోదు."

"బ్యాకప్?"

"దానికీ అదే గతి. ఇక్కడ రేపల్లెలో వాళ్ల మనిషి ఇనప గొలుసు పట్టుకుని నాకు కాస్త దూరంలో ఉన్నాడు. పాసింజర్ కూత వినపడగానే లైన్ మీదికి విసురుతాడు. విసరకముందే పట్టుకుంటే కేసు నిలవదు. ఫోన్ పెట్టేస్తున్నా."

షార్ట్ ఆగకపోతే తెనాలిలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. బాపట్ల దాకా నెల్లాళ్లు చీకటే. రేపల్లె చుట్టుపక్కల చెరువుల్లో గాలి కొట్టే మోటార్లు ఆగి రొయ్య అన్నది మిగలదు. 2008లో ఈ డిజిటల్ రిలేలు దేశమంతా పెడుతున్నారు. ఇక్కడ పాచిక పారితే రేపు ప్రతి ఊళ్లోనూ పారుతుంది.

విరుగుడు ఒక్క బటన్. అది విజయసారథి ఇప్పుడు నిలబడ్డ తెనాలి సబ్‌స్టేషన్ ప్యానెల్లోనే ఉంది. ప్యానెల్ ముందు ఆపరేటర్ వరప్రసాదం ఉన్నాడు.

"ఏ.ఈ.గారు చెప్పందే ముట్టుకోనివ్వనండి," అన్నాడు పదోసారి.

"మీ అసిస్టెంట్ ఇంజనీరు ఎక్కడ?"

"బాపట్లలో మీటింగండి. ఫోన్ ఎత్తరు."

విజయసారథి గుర్తింపు కార్డు చూపించాడు. వరప్రసాదం దాన్ని తిరగేసి మరగేసి తిరిగిచ్చాడు. "ఢిల్లీ అయినా సరేనండి. పోయినేడు ఇలాగే ఎవరో పెద్దాయన ముట్టుకున్నాడు, మెమో నాకొచ్చింది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. పిస్టల్ తీసేవాడే. కానీ పిస్టల్ టిఫిన్ క్యారియర్లో ఉంది. ఇనప సామాను లోపలికి వద్దని క్యారియర్ని వాచ్‌మన్ గేటు దగ్గరే పెట్టించేశాడు. పదిహేనేళ్ల సర్వీసులో విజయసారథికి ఇంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

ఇంతలో టేబుల్ మీది ఫోన్ మోగింది. లైన్ ఇన్‌స్పెక్టర్ పున్నారావు. పొద్దుటినుంచీ చెట్ల కొమ్మలు కొట్టిస్తూ గావుకేకలతో ఎల్‌సీలు అడుగుతున్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. పనివాళ్లు లైన్ ఎక్కాలంటే ఫోన్ చేసి అడుగుతారు, వరప్రసాదం మారుమాట లేకుండా చేత్తో స్విచ్ తిప్పి లైన్ ఆపేస్తాడు.

చేత్తో. రిలేతో పని లేకుండా.

విజయసారథి వరండాలోకి పరుగెత్తాడు. గొంతు మార్చే పరికరం తీస్తే చార్జింగ్ లేదు. రాత్రి లాడ్జిలో కరెంటు పోయింది మరి. దాన్ని పూలకుండీలోకి విసిరి, ముక్కు నొక్కుకుని సబ్‌స్టేషన్ నంబరుకి డయల్ చేశాడు.

"పెసాదంగారూ, పున్నారావునండీ. రేపల్లె లైన్ మీద కొబ్బరిమట్ట పడిందండీ. ఎల్‌సీ ఇయ్యండి తొందరగా."

"ఇప్పుడేగా చేశావు? సరే, రాసుకో నంబరు."

లోపల స్విచ్ తిరిగింది. యార్డులో బ్రేకర్ ధడేలుమంది. ఆ మరుక్షణమే వాగ్దేవి ఫోన్.

"కూత వేసింది, వీడు విసిరాడు. చిన్న నిప్పురవ్వ కూడా లేదు. నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే బేడీలు వేశాను. ఎలా చేశారండీ?"

"తర్వాత చెప్తా," అన్నాడు. చెప్పుకునేటంత గొప్పగా అనిపించలేదు.

గొలుసు దించారు. ఏ.ఈ. ఎట్టకేలకు ఫోనెత్తాడు, వాగ్దేవి చెబితే సరేనన్నాడు, రిలే మామూలు మోడ్‌కి వచ్చింది. విజయసారథి టీ చేతిలోకి తీసుకున్నాడో లేదో చీఫ్ ఫోన్. "శభాష్. కానీ రేపల్లెలో ఇంకా కరెంటు లేదేంటయ్యా?"

నిజమే. ఎల్‌సీ తీసుకున్నవాడు తిరిగిస్తేనే లైన్ మళ్లీ వేస్తారు. విజయసారథి నిట్టూర్చి మళ్లీ వరండాలోకెళ్లి, ముక్కు నొక్కుకున్నాడు.

"పెసాదంగారూ, పున్నారావునండీ. ఎల్‌సీ రిటన్."



"పున్నారావు నా ఎదురుగా కూచుని టీ తాగుతున్నాడండి," అన్నాడు వరప్రసాదం. "ఈయన తీసుకోలేదంటున్నాడు. తీసుకున్న పున్నారావు వచ్చి సంతకం పెట్టేదాకా రేపల్లెకి కరెంటివ్వను."