ఎవరిదీ కాని గింజ

పదకొండు గంటలకు తలుపు చప్పుడైనప్పుడు హైమవతి ఎడమ భుజం కింద తడిమి చూసుకుంది. వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్లుగా అక్కడ వెచ్చగానే ఉంది. కానీ ఈ నాలుగు నెలలుగా ఆ వెచ్చదనం వేరు. ఆ సంగతి ఇవాళ చెప్పి తీరాలి.

గుమ్మంలో మాచరమ్మ నిలబడి ఉంది. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ, చంకలో అరిటాకు చుట్ట.

"చిక్కిపోయావేరా శేషూ," అంటూ లోపలికి వచ్చి, అడక్కుండానే వంటింటి గచ్చు మీద ఆకు పరిచింది.

శేషు ఆమె కొడుకు. పోయి తొమ్మిదేళ్లు.

చిరోష్ణం భూమిలో దొరికే మూలకం కాదు. కణమథనిలో పరమాణువులను చిలికి పుట్టించినది. గోధుమ గింజంత ముక్కను లోహపు తొడుగులో పెట్టి ఛాతీలో అమరిస్తే, దాని వేడి విద్యుత్తుగా మారి జబ్బు గుండెను కొట్టిస్తుంది. దాని అర్ధాయువు అరవై ఏళ్లు. అంటే అరవై ఏళ్లకు గాని అందులో సగం కరగదు. మోసే మనిషి చాలాసార్లు అంతకు ముందే పోతాడు. అందువల్ల చితి పేర్చక ముందే గింజను తీసి మరొకరికి పెట్టేవారు. అది ఎవరికి చేరిందో పోయినవాళ్ల ఇంటికి తెలియజేయాలన్నది చట్టం. తొడుగు పగలకుండా ఎన్నో జాగ్రత్తలు తీసుకున్న శాస్త్రజ్ఞులు ఈ ఒక్క విషయం గురించి ఆలోచించలేదు. తద్దినం నాడు ఎవరి ఇంటికి వెళ్లాలో జనం తమంతట తామే తేల్చుకున్నారు.

హైమవతికి వచ్చిన గింజను ఆమెకు ముందు ముగ్గురు మోశారు. మూడోవాడు శేషు. మొదటి ఇద్దరి తాలూకు వాళ్లు రావడం మానేశారు. మాచరమ్మ మానలేదు. ఏటా జ్యేష్ఠంలో కాకినాడ బస్సెక్కి వచ్చి, వండినది పెట్టి, చివర్లో హైమవతి ఛాతీకి చెవి ఆనించి వినేది. పనసపొట్టు కూర తనకు మొదటినుంచీ ఇష్టమో, ఈ తొమ్మిదేళ్లలో ఇష్టమైందో హైమవతికి గుర్తు లేదు. ఒకప్పుడు ఒకతను పెళ్లి చేసుకుంటానన్నాడు. అతని చెయ్యి గింజ ఉన్న చోట పడితే ఎవరి మీద పడినట్టో తేల్చుకోలేక వద్దంది.

భోజనం అయింది. మాచరమ్మ చెయ్యి తుడుచుకుని దగ్గరికి జరిగింది.

"మాచరమ్మగారూ, ఒక్క మాట."

ఆమెను అమ్మా అనకుండా పిలవడం ఇదే మొదలు.

"మాఘంలో గింజ మార్చారండి. పాతది సగం పైన కరిగిపోయింది, గుండెకి చాలట్లేదన్నారు. ఇప్పుడున్నది కొత్తది. ఇంతకుముందు ఎవరూ మొయ్యలేదు."

మాచరమ్మ ఆమె ఛాతీ వైపు చూసింది.

"అయితే వాడేడి?"

"నిక్షేప గుట్టకి పంపేశారండి. రాతి కింద, బాగా లోతున దాస్తారు."

"చల్లారిపోయాడా?"

"లేదండి. ఇంకా వందల ఏళ్లు వెచ్చగానే ఉంటుందట."

"వెచ్చగా ఉన్నోణ్ణి పట్టుకెళ్లి చీకట్లో పెట్టారా," అంది మాచరమ్మ. ఆ తర్వాత, "మాఘమంటే నాలుగు నెలలైంది. నాకో మాట చెప్పలేకపోయావా?"

"భయమేసిందండి."

అది అబద్ధం. ఆ నాలుగు నెలలూ హైమవతి అద్దం ముందు నిలబడి, తన గుండె తనకే కొట్టుకోవడం విని సంతోషపడింది. ఆ సంతోషాన్ని ఎవరితోనూ పంచుకోవాలనిపించలేదు.

మాచరమ్మ గిన్నెలు కడిగి క్యారేజీ సర్దుకుంది. గుమ్మం దగ్గర అలవాటుగా లేచిన చెయ్యి హైమవతి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"వెళ్లొస్తానండి," అంది.

మరుసటి ఏడు అదే తిథికి పదకొండు దాటినా తలుపు చప్పుడు కాలేదు. హైమవతి అంతకు ముందే ఎందుకో పనసపొట్టు కూర వండింది. ఒక్కతే ఆకు ముందు కూర్చుని, తినకుండానే లేచింది. కూర క్యారేజీలో సర్దుకుని గుట్ట వైపు వెళ్లే బస్సెక్కింది.

నిక్షేప గుట్ట కంచె పొడుగునా జనం ఆకులు పరుచుకుని కూర్చున్నారు. ఒక చివర మాచరమ్మ నేలకు చెవి ఆనించి పడుకుని ఉంది. కళ్లు బాగా మసకబారినట్టున్నాయి.

"ఎవరి కోసం వచ్చారమ్మా?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

మీ కోసమేనని చెప్పే హక్కు తనకుందో లేదో హైమవతికి తెలియలేదు. పక్కన కూర్చుని క్యారేజీ మూత తీసింది.

"పనసపొట్టు కూర తెచ్చానండి."

మాచరమ్మ ఆ గొంతును గుర్తుపట్టింది.

"వాడికి ఆవ దండిగా పడాలి," అంది. "మీరేం వేశారో ఏమో. అలా పెట్టండి."

చెవి మాత్రం నేల మీంచి తియ్యలేదు. ఆమెకు జానెడు దూరంలో కొత్త గింజ, ఎవరూ వినని గుండెను కొట్టిస్తూనే ఉంది.